పైకి వెళ్తున్న బంతి మీద పైకి బాణం ఎందుకు గీస్తారు, దాన్ని ఎలా మాన్పించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంటర్ ఫస్టియర్ పిల్లలకి న్యూటన్ గమన నియమాలు చెప్పడం అయిపోయింది, ఎఫ్ = ఎమ్ఏ (బలం = ద్రవ్యరాశి × త్వరణం, అంటే వేగం మారే రేటు) లెక్కలు గబగబా చేసేస్తున్నారు. కానీ నిట్టనిలువుగా విసిరిన బంతి ఇంకా పైకి వెళ్తుండగా దాని మీద పనిచేసే బలాలు గీయమంటే సగం క్లాసు కిందికో బాణం, పైకి అంతకన్నా పెద్ద బాణం గీస్తోంది; ఉండాల్సిందేమో కిందికి గురుత్వాకర్షణ బాణం ఒక్కటే. మళ్లీ చెప్పారు, మళ్లీ అలాగే గీశారు. పిల్లలు వినడం లేదా, నేను చెప్పడంలో ఏదైనా లోపమా, సిలబస్ తరుముతుంటే దీనికెంత టైమ్ పెట్టాలి అని అడిగారు.

పిల్లలు వింటూనే ఉన్నారు, మీరు చెప్పేదీ తప్పు కాదు. ఇబ్బందల్లా, మీరు క్లాసులోకి రాకముందే వాళ్ల బుర్రలో చలనం గురించి ఒక సిద్ధాంతం ఉంది, అది పుట్టినప్పటినుంచీ వాళ్లకి బాగానే పనికొస్తోంది. నెడితే బండి కదులుతుంది, నెట్టడం మానేస్తే ఆగిపోతుంది. గట్టిగా తొక్కితే సైకిల్ వేగంగా వెళ్తుంది, తొక్కడం ఆపితే కాసేపటికి నిలబడిపోతుంది. ఇవన్నీ కళ్లారా చూసినవి. వాటినుంచి వాళ్లు తీసుకున్న నియమం ఏమిటంటే, కదులుతున్న ప్రతి వస్తువునీ కదిలే దిశలో ఏదో ఒక బలం తోస్తూ ఉండాలి. మరి చేతినుంచి విడిపోయిన బంతిని ఎవరు తోస్తున్నారు? ఎవరూ కనబడరు కాబట్టి, చెయ్యి ఇచ్చిన బలం బంతిలోనే ఉండిపోయిందనీ, జేబులో డబ్బులా మెల్లమెల్లగా ఖర్చయిపోతుందనీ అనుకుంటారు. ఆ బలం గురుత్వాకర్షణ కంటే ఎక్కువున్నంతసేపు బంతి పైకి, రెండూ సమానమైనప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత గురుత్వాకర్షణ గెలిచి కిందికి. మీ క్లాసులో ఏ పిల్లవాణ్ని అడిగినా ఇంత కథా తడుముకోకుండా చెప్తాడు, అడిగి చూడండి. ఎక్కడా అతుకు కనబడదు. అందుకే అది అంత గట్టిది.

ఇది మన పిల్లల తెలివితక్కువతనం అనుకోవద్దని ముందే చెప్తున్నాను, ఎందుకంటే స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట తరచూ వినబడుతుంది. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్, పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ దాదాపు ఇలాగే ఆలోచించారు, విసిరినవాడు వస్తువులో ఒక ప్రేరణ నింపుతాడనీ అదే దాన్ని నడిపిస్తుందనీ రాశారు. వాళ్లు తమ కాలంలో మేధావులు. అరిస్టాటిల్ నుంచి గెలీలియో దాకా, అక్కణ్నుంచి 1687లో న్యూటన్ గమన నియమాలు రాసిన ప్రిన్సిపియా గ్రంథం దాకా రావడానికి మనిషికి రెండువేల ఏళ్లు పట్టిన మలుపు అది. దాన్ని మనం నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో బోర్డు మీద మూడు వాక్యాలు రాసి తిప్పేద్దామని చూస్తున్నాం.

దీని మీద బాగా పరిశోధన జరిగింది, మీకు తెలియడం మంచిది. 1982లో జాన్ క్లెమెంట్ అనే ఆయన అమెరికాలో ఇంజనీరింగ్ విద్యార్థులకి సరిగ్గా మీ ప్రశ్నే ఇచ్చాడు, బంతి బదులు పైకెగరేసిన నాణెం. ఫిజిక్స్ కోర్సు పూర్తయ్యాక కూడా సగానికి మించినవాళ్లు పైకి బాణం గీశారు. తర్వాత అరిజోనాలో హెస్టెనిస్, ఆయన సహచరులు ఇలాంటి ప్రశ్నలన్నీ కలిపి 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్ష తయారుచేశారు. అందులో కూడికలు, తీసివేతలు ఏమీ ఉండవు. తప్పు ఆప్షన్లన్నీ పిల్లలు నిజంగా నమ్మేవే. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఆ పరీక్ష తన క్లాసుకి ఇస్తే, మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగిన సంగతి ఆయనే చెప్పుకున్నాడు. మన పిల్లలు పైకి అడగరు, అంతే తేడా. పరీక్షలో మీరు చెప్పినట్టు రాస్తారు, గేటు దాటాక తాము అనుకునేట్టు ఆలోచిస్తారు. 1998లో రిచర్డ్ హేక్ ఆరువేల పైచిలుకు విద్యార్థుల మార్కులు కలిపి చూస్తే, లెక్చర్ మాత్రమే విన్న క్లాసులు తాము నేర్చుకోగలిగిన మేరలో సగటున 23 శాతమే నేర్చుకున్నాయి, తాము జవాబు ఊహించి పక్కవాళ్లతో వాదించుకుని తేల్చుకున్న క్లాసులు 48 శాతం. అంటే మంచి పద్ధతిలో కూడా సగం దూరమే. ఒకసారి చెప్తే మారలేదని మీరు బాధపడక్కర్లేదు.

ఇక ఏం చేయాలి.

ముందుగా పిల్లవాడు గీసిన ప్రతి బాణానికీ పక్కన రెండు పేర్లు రాయించండి. ఈ బలం ఎవరిది, ఎవరి మీద. భూమి – బంతి మీద. బల్ల – పుస్తకం మీద. తాడు – బకెట్ మీద. పేరు రాయలేని బాణం బొమ్మలో ఉండడానికి వీల్లేదు, ఇది క్లాసులో చట్టం. ఇంటర్ మొదటి ఏడాది మెకానిక్స్ వరకు ఇది చాలా తేలిక, ఎందుకంటే తాకకుండా పనిచేసే బలం ఒక్క గురుత్వాకర్షణే, మిగతావన్నీ తాకే వస్తువులనుంచే రావాలి. కాబట్టి ముందు వస్తువు చుట్టూ పెన్సిల్‌తో ఒక గీత గీయించి, ఆ గీతని ఎవరెవరు తాకుతున్నారో లెక్కపెట్టించండి.

బంతి విషయంలో సంభాషణ ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. ఈ పై బాణం ఎవరిదిరా? చేతిది సార్. చెయ్యి ఇప్పుడెక్కడుంది? కింద. బంతిని తాకుతోందా? లేదు సార్. మరి? ఇక్కడ కాసేపు మౌనంగా ఉండి, చెయ్యి ఇచ్చిన ఫోర్స్ బంతిలో ఉంది కద్సార్ అంటాడు.

ఈ చోట మనం తొందరపడి తప్పు అనేస్తాం. అనకండి. వాడు చెప్తున్నదాంట్లో నిజం ఉంది. చెయ్యి బంతికి ఏదో ఇచ్చింది, అది బంతితో పాటు వెళ్తోంది, పైకెళ్లేకొద్దీ తగ్గుతోంది, చివర సున్నా అవుతోంది. అదంతా ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. వాడి ఊహలో ఉన్న వస్తువు అక్షరాలా ఉంది, దాని మీద మనం వేరే చీటీ అంటించాలి. ద్రవ్యవేగం బంతి దగ్గర ఉంటుంది, బలం బంతి దగ్గర ఉండదు, అది ఇద్దరి మధ్య జరుగుతుంది, జరుగుతున్నంతసేపే ఉంటుంది. బంతి బొమ్మలో రంగు మార్చి గీయించండి, నీలం రంగులో వేగం బాణం బంతి పక్కన విడిగా, ఎరుపులో బలం బాణాలు బంతి మీద. పైకి ఏదో ఉందన్న వాడి అనుభూతికి నీలం బాణంలో చోటు దొరికితే ఎర్ర బాణాన్ని వదిలేయడానికి పెద్దగా మొరాయించడు. ఏమీ ఇవ్వకుండా లాక్కుంటే మాత్రం ఎప్పటికీ వదలడు. నాకు క్లాసులో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

తర్వాత అంకెలు. బంతిని సెకనుకి 20 మీటర్ల వేగంతో పైకి విసిరామనుకోండి, జీ (గురుత్వాకర్షణ కలిగించే త్వరణం) విలువ 10 అనుకుందాం, గాలి సంగతి వదిలేద్దాం. ప్రతి సెకనుకీ వేగం బోర్డు మీద రాయించండి: 20, 10, 0, మైనస్ 10, మైనస్ 20. ఇప్పుడు పక్కపక్క అంకెల తేడా చెప్పమనండి. ప్రతిసారీ పదే తగ్గుతోంది. పైకెళ్లేటప్పుడూ పదే, కిందికొచ్చేటప్పుడూ పదే, సున్నాని దాటేటప్పుడూ పదే. ఇది రాశాక మాత్రమే అడగండి, అన్నిటికన్నా పైన బంతి త్వరణం ఎంత అని. ముందే అడిగితే సున్నా అంటారు, వేగం సున్నా కాబట్టి. వేగానికీ, వేగంలో మార్పుకీ మధ్య ఈ గందరగోళం కూడా చాలా పాతది. సున్నా అన్నవాళ్లతో వాదించకుండా ఒకటే అడగండి: ఆ క్షణంలో వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే తర్వాత సెకనులో బంతి ఎక్కడుంటుంది? అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి. పిల్లలు తమలో తాము నవ్వుకుని అంకెల వైపు మళ్లీ చూస్తారు.

ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే ఇంకా మంచిది. గోడ మీద అడుగడుగుకీ సుద్దగీతలు పెట్టి, పక్కన బంతి ఎగరేసి వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూపించండి. పైకెళ్లేది, కిందికొచ్చేది విడిగా రెండు ముక్కలుగా చూపి ఏది ఏదో చెప్పమంటే గుర్తుపట్టడానికి తికమక పడతారు. వీడియోని తిరగేస్తే ఎక్కడం దిగడం అవుతుంది, అంటే రెండింట్లోనూ బంతికి జరుగుతున్నది ఒకటేనని అప్పుడు చెప్పండి, నాటుకుంటుంది.

జడత్వానికి, అంటే కదిలేది తనంతట తాను కదులుతూనే ఉండే గుణానికి, క్యారమ్స్ బోర్డు కన్నా మంచి పరికరం నాకు దొరకలేదు. పౌడర్ వేయని బోర్డు మీద స్ట్రైకర్ కొట్టండి, వేసి కొట్టండి. వేలు స్ట్రైకర్‌ని వదిలేసింది, అయినా పోతోంది. ఎందుకు ఆగింది అని అడిగితే ఫోర్స్ అయిపోయింది అంటారు. పౌడర్ వేస్తే ఎక్కువ దూరం పోయింది కదా, పౌడర్ దానికి ఫోర్స్ ఇచ్చిందా? ఇక్కడ ఆగండి, వాళ్లని మాట్లాడుకోనివ్వండి. ఎందుకు కదులుతోంది అనే ప్రశ్న మానేసి ఎందుకు ఆగుతోంది అనే ప్రశ్నకి రావడమే న్యూటన్ మొదటి నియమం, గెలీలియో నునుపైన వాలుతలాల గురించి ఆలోచిస్తూ చేరుకున్నదీ అక్కడికే.

చంద్రయాన్-3 పిల్లలకి కంఠతా వచ్చిన విషయం, దాన్ని వాడుకోండి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి ఎగిరింది, ఆగస్టు 1న భూమి చుట్టూ తిరగడం మాన్పించి చంద్రుడి దారిలో పెట్టారు, 5న చంద్రుడి కక్ష్యలోకి చేర్చారు. ఈ మధ్య రోజుల్లో ఇంజిన్ మండుతూనే ఉందా అని అడగండి. ఎక్కువమంది ఉందనే అంటారు, లేకపోతే ఎలా వెళ్తుంది అంటారు. నిజానికి ఇంజిన్ మండింది నిమిషాల లెక్కే, మిగతా ప్రయాణమంతా ఆపేసి ఉంది. ఆ దారిలో చాలా దూరం దాని మీద ముఖ్యంగా పనిచేసింది భూమి ఆకర్షణ, అదీ వెనక్కి లాగుతూ. వెళ్లేది ముందుకి, బలం వెనక్కి. పైకెగరేసిన బంతి బొమ్మే, కాకపోతే లక్షల కిలోమీటర్ల మేర. ఈ పోలిక పిల్లలు తామే కనిపెట్టేలా వదిలేస్తే ఇంకా బాగుంటుంది.

లిఫ్ట్ లెక్క తప్పకుండా చేయించండి, చిన్న లెక్కే కానీ లోపలున్న అపోహ మొత్తం బయటికి లాగుతుంది. లిఫ్ట్, మనుషులూ కలిపి 600 కిలోలు. మొదట మాటల్లో అడగండి: లిఫ్ట్ ఒకే వేగంతో పైకి వెళ్తోంది, తాడు తన్యత (తాడు లాగే బలం) ఎక్కువా, భారం ఎక్కువా? పైకి వెళ్తోంది కాబట్టి తన్యతే ఎక్కువ అంటారు, ఎఫ్ = ఎమ్ఏ పదిసార్లు రాసినవాళ్లు కూడా. వేగం మారడం లేదు, ఫలిత బలం సున్నా, కాబట్టి తన్యత సరిగ్గా 6000 న్యూటన్లు. బయల్దేరేటప్పుడు సెకనుకి సెకనుకి 1 మీటరు త్వరణం ఉంటే 6600. ఇక్కడిదాకా ఒప్పుకుంటారు. ఇప్పుడు పై అంతస్తు దగ్గర పడుతుంటే అదే త్వరణంతో నెమ్మదిస్తోంది అనండి, తన్యత 5400. లిఫ్ట్ ఇంకా పైకే వెళ్తోంది, తాడు లాగే బలమేమో భారం కన్నా తక్కువ! ఇది చూసి క్లాసులో ఒకరిద్దరు తప్పు చేశారు సార్ అంటారు, వాళ్లే ఆ రోజు నిజంగా ఆలోచించినవాళ్లు, వాళ్లని బోర్డు దగ్గరికి పిలవండి.

ఘర్షణ దగ్గర ఇంకో గొయ్యి ఉంది, ఇది ఫార్ములా వల్ల వస్తుంది. 20 కిలోల చెక్కపెట్టె, స్థైతిక ఘర్షణ గుణకం 0.5, నేను 30 న్యూటన్లతో తోశాను, కదల్లేదు, ఘర్షణ ఎంత? క్లాసులో చురుకైనవాళ్లు అందరికన్నా ముందు చెయ్యెత్తి 100 న్యూటన్లు అంటారు, మ్యూ ఎన్ (గుణకం × నేల పైకి తోసే బలం) కదా. సరే, బొమ్మ గీయమనండి. నేను ముందుకి 30, ఘర్షణ వెనక్కి 100. ఫలితం వెనక్కి 70. అంటే తోసినవాడి మీదికి పెట్టె దూసుకొస్తుందా? అప్పుడు ముఖంలో మార్పు చూడండి. 100 అనేది ఘర్షణ వెళ్లగలిగిన హద్దు, ఆ హద్దు లోపల ఎంత తోస్తే అంతే ఎదురు నిలుస్తుంది, ఇక్కడ 30. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) 40 ఫిజిక్స్ ప్రశ్నలకి తయారయ్యే పిల్లలకి అంకెలు కనబడగానే ఫార్ములాలో వేయడం అలవాటైపోతుంది, దానికి మందు ఇలాంటి ప్రశ్నలే, అంకెలన్నీ ఇచ్చి వాటిలో ఒకటి అవసరం లేకుండా చేయడం. అలాగే ఘర్షణ ఎప్పుడూ చలనానికి వ్యతిరేకం అని నోట్సులో రాయించకండి. జారుతున్న ఉపరితలాల మధ్య జారుడుకి వ్యతిరేకం, అంతవరకే. మనం నడిచేటప్పుడు నేల మన పాదాన్ని ముందుకే తోస్తుంది, బురదలో దిగబడ్డ ట్రాక్టర్ చక్రం గిర్రున తిరుగుతూ అక్కడే ఉండిపోయేది ఆ ముందుకి తోసే ఘర్షణ చాలకనే.

మూడో నియమం సంగతి. చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అని నిద్రలో లేపినా చెప్తారు. లారీ, ఆటో గుద్దుకుంటే ఎవరి మీద ఎక్కువ బలం పడింది అని అడగండి, మొత్తం క్లాసు ఆటో మీద అంటుంది. నుజ్జయింది ఆటోనే కాబట్టి. ఇక్కడ బలాన్నీ, బలం వల్ల జరిగినదాన్నీ విడదీయాలి. లారీ 10,000 కిలోలు, ఆటో 500 కిలోలు, గుద్దుకున్నప్పుడు ఇద్దరి మీదా తలా 50,000 న్యూటన్లు అనుకుంటే, లారీ త్వరణం 5, ఆటో త్వరణం 100. ఒకే బలం, ఇరవై రెట్ల తేడా. అందుకే ఆటోలో ఉన్నవాళ్లకి అంత ప్రమాదం. మాటలతో నమ్మకపోతే ల్యాబ్‌లోంచి రెండు స్ప్రింగ్ త్రాసులు తెచ్చి కొక్కాలు కలపండి, క్లాసులో బలశాలి అనుకునేవాణ్ని ఒకవైపు, సన్నగా ఉన్న పిల్లని ఇంకోవైపు లాగమనండి, ఇద్దరి రీడింగూ పైకి చదవమనండి. ఒకరు లాగుతూ ఇంకొకరు ఊరికే పట్టుకున్నా అంతే. తర్వాత ఒక త్రాసుని కిటికీ ఊచకి తగిలించి రెండోదానితో లాగండి, ఊచ కూడా అంతే లాగుతోందని కనబడుతుంది. ఊచ లాగడమేమిటి అనేవాళ్లు ఉంటారు, ప్రాణం లేనివి బలం ప్రయోగించవు, అడ్డుపడతాయి అంతే అని వాళ్ల నమ్మకం. బల్ల మీద పుస్తకానికి పైకి బాణం గీయనివాళ్లదీ ఇదే నమ్మకం. పలచటి స్కేలుని రెండు డబ్బాల మీద వంతెనలా పెట్టి దాని మీద పుస్తకం ఉంచండి, స్కేలు వంగి పుస్తకాన్ని మోస్తుంది. బల్ల కూడా వంగుతుంది, కంటికి అందనంత కొంచెం.

ఇంకొకటి, ఇది టీచర్లలోనే చాలామందికి ఉంది కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. బల్ల మీద పుస్తకం భారం, బల్ల ఇచ్చే అభిలంబ బలం (బల్ల పైకి తోసే బలం), ఈ రెండూ చర్య ప్రతిచర్యలు కావు. రెండూ ఒకే పుస్తకం మీద పనిచేస్తున్నాయి. ఇక్కడ సమానంగా ఉండడానికి కారణం పుస్తకం కదలకపోవడం, లిఫ్ట్ పైకి బయల్దేరితే సమానంగా ఉండవు. భూమి పుస్తకాన్ని లాగడానికి జత పుస్తకం భూమిని లాగడం. ఎవరు, ఎవరి మీద అని రాయించే అలవాటు ఉంటే ఇది దానంతటదే తేలిపోతుంది, పేర్లు తిరగేస్తే జత దొరుకుతుంది. ఎద్దు బండిని ఎంత లాగితే బండి ఎద్దుని అంతే లాగితే మరి బండి ఎలా కదులుతుంది అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. బండి చుట్టూ గీత గీసి చూడండి, దాని మీద ఎద్దు లాగే బలం, నేల ఘర్షణ, మొదటిది ఎక్కువైతే బండి కదిలింది. బండి ఎద్దుని లాగే బలానికి ఈ బొమ్మలో చోటే లేదు, అది ఎద్దు బొమ్మలో ఉంటుంది. ఎద్దు ముందుకి పోయేది డెక్కలతో నేలని వెనక్కి తన్నితే నేల దాన్ని ముందుకి తోయడం వల్ల.

వృత్తాకార చలనానికి వడిసెల చెప్పండి. జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేది, తాతల్ని అడిగితే తెలుస్తుంది. గిరగిర తిప్పి ఒక తాడు కొస వదిలితే రాయి ఏ దిశలో పోతుంది? కొందరు వంపు తిరుగుతూ పోతుందని గీస్తారు, కొందరు కేంద్రం నుంచి తిన్నగా బయటికి. ఈ వంపు గీత కూడా కొత్తది కాదు, 1980లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో మెక్‌క్లాస్కీ బృందం చుట్టలు చుట్టిన గొట్టంలోంచి బయటపడే గోళీ దారి గీయమంటే చాలామంది కాలేజీ విద్యార్థులు వంపుగానే గీశారు. మీరు క్లాసులో చేయడానికి పెద్ద ప్లాస్టిక్ గాజు ఒకటి చాలు. పావు వంతు కత్తిరించి తీసేసి, కాగితం మీద పెట్టి కదలకుండా నొక్కి పట్టుకుని, లోపలి అంచు వెంబడి చిన్న గోళీ దొర్లించండి. దొర్లించే ముందు ప్రతివాడూ తన కాగితం మీద దారి గీసి తీరాలి. గోళీ గాజు చివరినుంచి స్పర్శరేఖ వెంట తిన్నగా వెళ్లిపోతుంది. లోపలికి తోస్తున్నది గాజు, గాజు అయిపోయింది, తోయడం ఆగింది.

బస్సు మలుపు తిరిగితే బయటికి విసిరినట్టు అనిపించడం గురించి అడుగుతారు. అపకేంద్ర బలం అనే మాట పిల్లలు ఎక్కడో వినే వస్తారు. తిరిగే చట్రంలోంచి చూసేవాళ్లకి దాన్ని వాడే పద్ధతి ఉంది, తప్పు కాదు, కానీ నా అభిప్రాయంలో ఫస్టియర్‌లో రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి బొమ్మ బాగా కుదిరేదాకా దాన్ని ముట్టుకోకూడదు. బస్సు ఎడమకి తిరుగుతోంది, మనిషి తిన్నగా పోబోతున్నాడు, బస్సు గోడ వచ్చి అతణ్ని ఎడమకి తోసింది. బయటికి బాణం ఎవరిది అంటే రాయడానికి పేరు లేదు, మన చట్టం ప్రకారం కొట్టేయాలి.

బరువైనవి ముందు పడతాయన్న అపోహ త్వరగా తేలిపోతుంది. పుస్తకం మీద దానికన్నా చిన్న కాగితం పెట్టి రెండూ కలిపి వదలండి, తర్వాత 1971లో అపోలో 15లో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ వదిలిన వీడియో చూపించండి. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదన్న అపోహ దగ్గర కాస్త ఎక్కువ ఆగాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ జీ దాదాపు 8.7, పెద్దగా తగ్గలేదు. తేలడానికి కారణం కేంద్రమూ లోపలి మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉండడం.

వీటన్నిట్లో పద్ధతి ఒకటే, ముందు ఊహించి రాయాలి, తర్వాత చూడాలి. చూశాక ఊహించడం అంటూ ఉండదు, అందరూ నేనూ అదే అనుకున్నాను సార్ అంటారు, లోపలి సిద్ధాంతం చెక్కుచెదరదు. చేతులెత్తించకండి, మొదటి బెంచీని చూసి వెనకవాళ్లు ఎత్తుతారు. ఆప్షన్ నంబరుని ఛాతీ దగ్గర వేళ్లతో చూపమనండి, మీకు మాత్రమే కనబడుతుంది. మూడోవంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా సరిగ్గా చెప్తే, పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోమని వదిలేసి మళ్లీ వేళ్లు చూపించమనండి. వాదనలో మీరు తలదూర్చకండి. నిన్న దాకా తప్పు అనుకుని ఇవాళే ఒప్పు తెలుసుకున్న పిల్లవాడు పక్కవాడికి చెప్పినంత బాగా మనం చెప్పలేం, వాడికి అడ్డం పడ్డది ఏమిటో ఇంకా తాజాగా గుర్తుంటుంది. సిగ్గుపడేవాళ్లుంటారు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్లు. వాదన తెలుగులోనే సాగనివ్వండి, ఫిజిక్స్ తేలాక రాతకి కావలసిన ఇంగ్లిష్ తర్వాత చూసుకోవచ్చు.

టైమ్ గురించి అడిగారు కదా. గమన నియమాలు మొదలుపెట్టే ముందు ఒక పీరియడ్, అయ్యాక ఇంకో పీరియడ్ లెక్కల్లేకుండా ఈ ప్రశ్నలకే కేటాయించండి, మధ్యలో రోజుకో ప్రశ్న అయిదు నిమిషాలు. ఎక్కడినుంచి తేవాలంటే, ఒకే రకం కప్పీ లెక్కలు అంకెలు మార్చి చేయించే పీరియడ్లలోంచి తీయండి. ఇది ఇక్కడ తేలకపోతే మళ్లీ మళ్లీ ఎదురొస్తుంది. ప్రక్షేపకం అన్నిటికన్నా ఎత్తున ఉన్నప్పుడు త్వరణం సున్నా అంటారు. లోలకం కొసకి వెళ్లి ఆగిన క్షణంలో బాబ్ మీద ఫలిత బలం సున్నా అంటారు. సరళ హరాత్మక చలనంలో (స్ప్రింగుకి కట్టిన దిమ్మ ఊగడం లాంటిది) గరిష్ఠ స్థానభ్రంశం దగ్గర త్వరణం అత్యధికం అన్నది నమ్మలేక బట్టీ పడతారు. మీ దగ్గర ఇప్పుడు జరుగుతున్నదే వేరే పాఠాల్లో వేరే పేర్లతో వస్తుంది, అక్కడ విప్పడానికి ఇక్కడికన్నా ఎక్కువ పీరియడ్లు పోతాయి. బంతి ప్రశ్న అలాగే మళ్లీ అడగకండి, జవాబు గుర్తుపెట్టుకుని గీసేస్తారు. ఊగే ఉయ్యాల, గాల్లో ఉన్న క్రికెట్ బంతి, జారి ఆగబోతున్న స్ట్రైకర్, ఇలా మార్చి మార్చి ఇచ్చి బాణాలు మాత్రమే గీయించండి. యూనిట్ టెస్టులో ఒక్క ప్రశ్నయినా అంకెల్లేకుండా, బాణాలూ పేర్లూ మాత్రమే అడిగేది పెట్టి దానికి మార్కులివ్వండి, ఎందుకంటే మార్కులు లేనిదాన్ని మన పిల్లలు పాఠంగా లెక్కచేయరు.